నా మట్టి నాకిచ్చేయండి

వాన వెలిసిన అరగంటకల్లా వెండెలిన్ మీ గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యేవాడు. వీపున తట్ట, చేతిలో చీపురు. "నా మట్టి మీ ఇంటికొచ్చింది. ఇచ్చేయండి" అనేవాడు. మోజెల్ నది ఒడ్డున మా ఊళ్లో జనానికి వానంటే భయం లేదు, వాన తర్వాత వచ్చే ఈయనంటేనే హడల్.

మా ద్రాక్షతోటలు కొండకు నిచ్చెన వేసినట్టుంటాయి. మట్టి అని మేం మురిసిపోయేది నిజానికి పలకరాతి పొడి. చలికాలం పగుళ్లలో నీళ్లు గడ్డకట్టి రాయిని చీలుస్తాయి, ఆ చీలికలో తీగల వేళ్లు దూరి ఇంకాస్త పెళ్లగిస్తాయి. బొటనవేలి మందం మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు, అది రోడ్డు మీదికి జారిపోవడానికి ఒక్క గాలివాన. జారినదాన్ని తట్టలకెత్తి మళ్లీ పైకి మోయడం మాకు తరతరాల చాకిరీ. మేమంతా ఏడాదికోసారి తిట్టుకుంటూ మోస్తాం. వెండెలిన్ ప్రతి వానకీ మోసేవాడు.

నేను బడిలో భూగోళం చెబుతాను, నా ఇల్లు సరిగ్గా కొండ కిందే ఉంది. అంచేత మొదటి బాధితురాలిని నేనే.

"టీచరమ్మా, ఆ పూలకుండీ ఇలా ఇవ్వండి."

"అది నేను కొన్న మట్టండీ."

"అడుగున ఉన్నది మీది. పైన చారెడు నాది."

వేలితో గీకి, వెలుతురుకు పట్టి, నాలుక కొసకు తాకించి, నల్లటి పలుకులు ఏరుకుని పోయాడు.

ఒకరి అంత్యక్రియలప్పుడు ఫాదర్ తోటల దారిన నడిచొచ్చారు. ప్రార్థన ముగిసిందో లేదో, ఈయన వంగి ఆయన బూట్ల అడుగు గీకడం మొదలుపెట్టాడు. ఆశీర్వదించాలో కాలు లాక్కోవాలో తేలక ఫాదర్ ఒంటికాలి మీద నిలబడ్డారు. ఎలాగూ అందరం మట్టిలో కలిసేవాళ్లమే కదా నాయనా అన్నారట. "కలుద్దాం ఫాదర్, ఎవరి మట్టిలో వాళ్లం" అన్నాడట వెండెలిన్.

ఊరంతా ఆయన్ని పిసినారి అనేది. అందుకు కారణం ఒటిలియా. కొండ కొసన ఆమె తోట, దాని కిందే వెండెలిన్‌ది. భర్త పోయాడు, మోకాళ్లు పోయాయి, తట్ట మోయలేదు. ప్రతి వానకీ ఆమె మట్టి జారి అక్కడక్కడా బండ తేలుతోంది. ఇలాగే ఇంకో ఏడాది గడిస్తే తీగలు ఎండిపోతాయి, తోట వదులుకోవాల్సిందే. సాయం చేస్తామని వెళ్లిన ద్రాక్షరైతుల సంఘం పెద్దల్ని, నేనింకా చావలేదని పార పుచ్చుకుని తరిమింది. పక్కనే ఉండి ఒక్క తట్ట ఆమెకు పోస్తే ఈ ముసలాయన సొమ్మేం పోతుందని వైన్ కొట్టులో అందరూ అనేవాళ్లు. అందరికన్నా గట్టిగా నేనే అన్నాను.

ఆ ఏప్రిల్‌లో ఆయన చీపురు మా గుమ్మంలో మరిచిపోయాడు. అది తీసుకుని ఆయన వెనకాలే కొండెక్కాను. ఆయన తన తోట దగ్గర ఆగలేదు, ఇంకా పైకి పోయాడు. నేను ఆయాసపడుతూ చేరేసరికి గోడ అవతల పోట్లాట.

"నీ చెత్త మళ్లీ నా తోటలోకి పంపావు, ఒటిలియా. ఇదిగో, నీదే."

"నా మట్టిని చెత్త అనకు. ఆ మూలన పొయ్యి. తీగ మొదలు కప్పెయ్యకు."

"నేనేమన్నా నీ పనివాణ్ణా?"

"పనివాడైతే ఇంతకన్నా శుభ్రంగా పోసేవాడు."

కర్ర మీద ఆనుకుని ఆమె మహారాణిలా అజమాయిషీ చేస్తోంది. జాలి పడదామని చూశాను, ఎక్కడా చోటు దొరకలేదు.

తట్టలోంచి పడుతున్నదంతా నల్లటి పలకరాయి. ఒటిలియా తోట రాయి నలుపు. వెండెలిన్ తోట ఇటుక ఎరుపు. రాతి రంగు చూసి తోట ఎవరిదో చెప్పేస్తామని జబ్బలు చరుచుకునే మా ఊరు గానీ, పాతికేళ్లు పిల్లలకు రాళ్ల పాఠం చెప్పిన నేను గానీ, ఆ తట్టలో రంగు ఒక్కనాడూ చూడలేదు. చీపురు గోడకు ఆనించి చప్పుడు చేయకుండా దిగొచ్చేశాను.

తర్వాతి వానకు ఆయన వచ్చేలోపే గుమ్మం ఊడ్చి బకెట్‌కెత్తి ఉంచాను. ఆయన బకెట్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"చీపురు పైన దొరికింది" అన్నాడు.

"అలాగా" అన్నాను.

బకెట్‌లో వేళ్లు పెట్టి కెలికి, ఒక ఎర్రటి పలుకు ఏరి నా పూలకుండీలో పడేశాడు.

"అదేం, మీది కాదా?"

"అదొక్కటే నాది" అన్నాడు వెండెలిన్, తట్ట వీపుకెత్తుకుంటూ. "ఉంచుకోండి."