పాటలు లేని టేపు

మా నాన్న గొంతు పెద్దది. శావల్యాపురం దగ్గర మా ఊళ్ళో ఆయన చేలో నిలబడి ఎవర్నయినా పిలిస్తే, ఇంట్లో అమ్మ కంచం కడిగి పెట్టేది, ఇక వచ్చేస్తాడని. ఫోన్ చేతికిస్తే చాలు, వీధంతా ఉలిక్కిపడేది. "ఎందుకయ్యా ఆ ఫోను, అది లేకపోయినా సత్తెనపల్లి దాకా వినపడుద్ది" అని అమ్మ దెప్పేది. ఈ కబుర్లన్నీ మా అమ్మాయికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అది పుట్టేనాటికే నాన్న పోయాడు. మొన్న వేసవి సెలవుల్లో విసుక్కుంది.

"ఎప్పుడూ తాత గొంతు, తాత గొంతు అంటావు. ఒక్కసారి వినిపించు నాన్నా."

మా చెల్లెలి పెళ్ళి సీడీ పెట్టాను. మూడు గంటలూ సినిమా పాటలే. మా వైపు పెళ్ళి వీడియో అంటే అదే పద్ధతి. తలంబ్రాలకు హుషారు పాట, అప్పగింతలకు ఏడుపు పాట. నిజంగా ఏడ్చినవాళ్ళ ఏడుపు మాత్రం ఎక్కడా వినపడదు. నాన్న ఐదారుచోట్ల కనిపించాడు, నోరు కదిపాడు, వెనకాల ఎవరో గాయకుడు పాడేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది బీరువాలోని టేపు. పెళ్ళికి ముందురోజు పెళ్ళికూతుర్ని చేసిన వేడుకంతా తీసింది నేనే. కొత్తగా టీచరు ఉద్యోగం, కొత్తగా కొన్న కామ్‌కార్డర్, నా తలపొగరు ఇంతా అంతా కాదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఆ టేపును స్టూడియోవాళ్ళకిస్తే, కావలసిన ముక్కలు తీసుకుని, పాటలేసి, సీడీలో కలిపి, టేపు తిరిగిచ్చేశారు. అసలు గొంతు ఎక్కడైనా ఉంటే అందులోనే ఉండాలి.

టేపు ఉంది కానీ కెమెరా తిరగలేదు. నరసరావుపేటలో పాత టేప్‌రికార్డర్లు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రెండు రోజులు దానితో కుస్తీ పట్టాడు. మా ఇంటికొచ్చి పాత కంప్యూటర్ డబ్బా విప్పి, ఈ కెమెరా వైరు పట్టే కార్డు ఒకటి ఎక్కడిదో తెచ్చి బిగించాడు.

"మాస్టారూ, ఇది పెన్‌డ్రైవ్ మాదిరి కాపీ అవదు. గంట టేపు గంటసేపూ ఆడాల్సిందే, ఆడతా ఉంటే కంప్యూటర్ ఎక్కించుకుంటది. లోపల రబ్బరు చానా వదులైంది. ఒక్కసారి తిరుగుద్దని నా నమ్మకం. ఫార్వర్డ్ నొక్కారో, టేపు నలిగిపోద్ది, ఇంక నన్నడగొద్దు."

ఆదివారం పొద్దున్నే నేనూ మా అమ్మాయీ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. కరెంటు పోకూడదని మొక్కుకుని ప్లే నొక్కాను. కిర్రుమని చిన్న చప్పుడు చేసి తెర వెలిగింది. మా పాత ఇంటి వసారా, మామిడాకుల తోరణం, పసుపు రాసిన మొహంతో చెల్లెలు. ఎంత చిన్నపిల్లో! ఆ వసారాలో నిమిషం నిలబడితే చాలనిపించింది నాకు. అమ్మ కొత్త చీర కొంగు సర్దుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. నాకు కళ్ళు తడిశాయి. ఆ వెంటనే సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే టేపునిండా వినపడుతున్న గొంతు ఒక్కటే, నాది.

"ఇటు చూడండి. మాట్లాడొద్దు. అత్తా, మాట్లాడొద్దన్నానా! ఎట్టాగూ పాటలేస్తాం."

బడిలో పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టే అందర్నీ నిలబెట్టాను. చివరికి నాన్న వచ్చాడు. చెల్లెలి తలమీద అక్షింతలు వేసి, వంగి ఏదో అనబోయాడు.

"నాన్నా, నువ్వు అసలే నోరెత్తకు. నీ గొంతుకి మైకు పగిలిపోద్ది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నాన్న కూడా నవ్వి, నోరు మూసుకుని, ఫొటోకు నిలబడినట్టు చేతులు బిగించి నిలబడ్డాడు. అట్లాగే చాలాసేపు నిలబడ్డాడు. మా అమ్మాయి తెరమీంచి చూపు తిప్పి నావైపు చూసింది.

ఆ తర్వాత తెరమీద నేల వచ్చింది. ఎవరో భోజనానికి పిలిస్తే కెమెరా ఆపకుండానే మంచంమీద పడేసి పోయాను కాబోలు. నల్లటి నాపరాళ్ళు, వాటి మధ్య సున్నపు గీత, అంతే. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. స్టూడియోవాళ్ళు వేస్టని తీసేసిన ముక్క ఇదే. నాకు సహనం తక్కువ. భాయ్ మాట మరిచిపోయి ఫార్వర్డ్ మీదికి చెయ్యి పోనిచ్చాను. మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఉండనీ నాన్నా, ఎవరో వస్తున్నారు."

రెండు పాదాలు వచ్చి నాపరాళ్ళమీద ఆగాయి. మడమలు పగిలిన, వెడల్పాటి పాదాలు. ఎవరివో చెప్పక్కర్లేదు. మంచం కిర్రుమంది.

"ఏమే, వాడు నన్ను మాట్లాడొద్దన్నాడు."

"పోనీలే, నువ్వొక్కరోజు గమ్మునుంటే ఏం పోద్ది?" అమ్మ గొంతు.

"నాకేం పోద్ది. పిల్లకో మాట చెబుదామని వంగాను. ఆకలైతే నోరు తెరిచి అడగదు గదా ఇది. అత్తగారింట్లో సిగ్గుపడబాకమ్మా, ఆకలైతే అడిగి పెట్టించుకో అని చెబుదామనుకున్నా. ఇంక ఈ సందట్లో ఏం కుదురుద్ది."

ముక్కు చీదిన చప్పుడు. మంచం మళ్ళీ కిర్రుమంది, ఆ పాదాలు వెళ్ళిపోయాయి. టేపు చివరిదాకా తిరిగింది, భాయ్ అన్నట్టే ఆ ఒక్కసారికే. మళ్ళీ పెడితే కదల్లేదు.

"తాతది పెద్ద గొంతన్నావు?" అంది మా అమ్మాయి.

నిజమే అన్నాను. ఆయన అంత మెల్లగా మాట్లాడడం నేను కూడా అదే మొదటిసారి వినడం.

ఆ ముక్కను చెల్లెలికి ఫోన్లో పంపబుద్ధి కాలేదు. మర్నాడు పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని వాళ్ళుండే సత్తెనపల్లికి బస్సెక్కాను. చెల్లెలు టీవీకి పెట్టుకుని, కింద కూర్చుని, ఆ పాదాలకేసి చూస్తూ విన్నది. రెండుసార్లు విన్నది. కళ్ళు తుడుచుకుని నవ్వింది, నాన్న నవ్వినట్టే.

"కొత్తలో చానా రోజులు ఆకలితోనే పడుకున్నా అన్నయ్యా. అడగొచ్చో లేదో తెలిసేది కాదు. నాన్న ఒక్క మాట చెప్పుంటే అడిగేదాన్ని."

ఆ మాటంటూనే లేచి నాకు అన్నం వడ్డించింది. గోంగూర వేసి, నెయ్యి పోసి, కలుపుకోమంది. నేను నోరెత్తకుండా తిన్నాను.