అరవై ఎనిమిది కిలోల బాబాయ్

పాత బ్యాటరీల వ్యాపారం చేసే ఆయన్ని వీధి వీధంతా కాటా బాబాయ్ అనే పిలిచేది. ఎక్కడికి సరుకు తీసుకెళ్లినా ముందు అక్కడి కాటా మీద తానెక్కి నిలబడేవాడు. "నా బరువు అరవై ఎనిమిది. నీ కాటా అదే చూపిస్తే నువ్వు మనిషివి, లేకపోతే దొంగవి" అని మొహం మీదే అనేసేవాడు. అనుమానం పెనుభూతం అంటారు. ఈయన ఆ భూతాన్ని ఇంట్లో పెట్టుకుని, వేళకు తిండి పెట్టి మరీ పెంచాడు.

షాపు ముందు గదిలో ఛార్జింగ్ బల్ల ఉండేది, వెనక ఇంకో చిన్న గది. మెకానిక్కుల దగ్గర పోగుచేసిన చచ్చిన బ్యాటరీలను ఆ వెనక గదికి తీసుకెళ్లి, యాసిడ్ ఒంపేసి, సుత్తితో డబ్బా పగలగొట్టి, లోపలి సీసం పలకలు బయటికి లాగేవాడు. ఊరి బయట సీసం కరిగించే బట్టీ పెట్టుకున్న ఒకాయన వచ్చి, తన కాటా మీదే తూచి, ఆ పలకలు కొనుక్కుపోయేవాడు. బ్యాటరీని పగలగొట్టకుండా అమ్మితే కొనేవాడు ప్లాస్టిక్కుకింత, నీళ్లకింత అని కోత పెడతాడని బాబాయ్ భయం. సీసమైతే సీసమే, అందులో ఎవడేం మోసం చేస్తాడనుకున్నాడు. వాపును చూసి బలుపనుకోవడమంటే అదే.

అలాగని జాగ్రత్త లేని మనిషి కాదు. ఒకసారి స్పానరు జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడి, కళ్ల ముందే ఎర్రగా కాలిపోయింది. ఆనాటి నుంచి ప్రతి టెర్మినల్‌కూ పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగేవాడు. బ్యాటరీని పక్కకు వాల్చనిచ్చేవాడు కాదు, పక్కన సోడా పొడి కలిపిన నీళ్ల బకెట్ లేకుండా యాసిడ్ ముట్టుకునేవాడు కాదు. కంటికి కనబడే నిప్పుకూ యాసిడ్‌కూ భయపడ్డాడు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా లేచే బూడిదరంగు పొడిని చూసి మాత్రం తుమ్మి ఊరుకున్నాడు.

ఏడాదిగా ఆయనకు ఒంట్లో బాగుండడం లేదు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది. నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు ఒక రుచి. ఆ రుచికి మొదట నూనె కొట్టువాణ్ని అనుమానించి కొట్టు మార్చాడు. తర్వాత పాలవాణ్ని మాన్పించాడు. చిగుళ్ల అంచున నల్లగా గీత కనబడితే టూత్‌పేస్టు నకిలీదన్నాడు. ప్యాంటు జారుతుంటే బెల్టుకు రెండు కొత్త చిల్లులు పొడిచి, "తోలు సాగింది, అంతా డూప్లికేట్ సరుకు" అని బెల్టు అమ్మినవాణ్ని తిట్టుకున్నాడు. చివరికి ఒకరోజు కంచం ముందు కూర్చుని భార్యను అడిగాడు.

"కూరలో ఏం కలిపావు?"

ఆవిడ గరిటె కింద పెట్టి ఆయన వైపు చూసింది. ముప్పై ఏళ్లు వండి పెట్టిన మనిషిని అడగాల్సిన మాటేనా అది? నాకైతే ఆ కంచం ఆయన నెత్తిన బోర్లించాలనిపిస్తుంది. ఆవిడ ఓర్పు గలది, ఆ పని చెయ్యలేదు.

"ఏమండీ, ఆ వెనక గది పని మానెయ్యండి. దాని వల్లే మీరిలా అయిపోతున్నారు. పోనీ ఆసుపత్రికైనా పదండి" అంది.

"ఆసుపత్రా? లేని రోగానికి టెస్టులు రాసి బతికేవాళ్లు వాళ్లు. నాకేమీ కాలేదు. మొన్న బట్టీ ఆయన కాటా మీద కూడా అరవై ఎనిమిదే ఉన్నాను."

ఆ అంకె చెప్పాక ఇంక ఎవరూ మాట్లాడ్డానికి ఉండేది కాదు. ఆవిడకు కావలసింది మాత్రం ఒక్కటే, మొగుడు ప్రాణాలతో మిగలాలి. అందుకోసం వెనక గదికి తాళం పడాలని రోజూ పోరుతూనే ఉంది.

ఆ తాళం వేరే దారిలో పడింది. అనుమతి లేకుండా బట్టీ నడుపుతున్నాడని అధికారులు వచ్చి మూయించేసరికి, బట్టీ ఆయన చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. షాపులో ముప్పై నాలుగు బ్యాటరీలు పగలగొట్టకుండా మిగిలాయి. లైసెన్సున్న తుక్కు గోదాము ఒకటి పెద్ద రోడ్డు మీద ఉంది. వాళ్లు బ్యాటరీ నిండుగా, యాసిడ్‌తో సహా ఉంటేనే కొంటారు. బాబాయ్ గతిలేక ట్రాలీ బండి మాట్లాడి, అన్నిటినీ నిటారుగా సర్దించి, మధ్య మధ్య అట్టముక్కలు దోపి, తాడు తానే బిగించాడు. దారి పొడవునా డ్రైవరు వెనక అద్దంలోకి ఎందుకు చూస్తున్నాడా అని కనిపెడుతూనే కూర్చున్నాడు.

గోదాములో తూకం చూసేది ఒక అమ్మాయి. చేతులకు మందపాటి గ్లౌజులు, మూతికి మాస్కు. బాబాయ్ చెప్పులు విడిచి సరాసరి కాటా ఎక్కేశాడు.

అరవై ఒకటిన్నర చూపించింది.

దిగి మళ్లీ ఎక్కాడు. మళ్లీ అదే. గోదాము పైకప్పు లేచిపోయేలా కేక పెట్టాడు.

"పట్టపగలు దోపిడీ! మనిషి దగ్గరే ఆరున్నర కిలోలు నొక్కేస్తే, బండెడు సరుకులో ఎంత నొక్కుతారే మీరు?"

ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. ప్రభుత్వ ముద్ర ఉన్న ఇరవై కిలోల ఇనప గుండ్లు మూడు తెచ్చి కాటా మీద పెట్టింది. సరిగ్గా అరవై. బాబాయ్ వంగి గుండ్ల మీద ముద్ర గోటితో గీకి చూశాడు. కాటా కింద ఏదైనా దూర్చారేమోనని మోకాళ్ల మీద కూర్చుని తొంగి చూశాడు. ఏమీ లేదు.

"మరి నాలుగేళ్లుగా బట్టీ ఆయన దగ్గర అరవై ఎనిమిదేగా! మొన్న మొన్నటిదాకా!"

"ఎక్కే ముందు మీ బరువు ఆయనకి చెప్పేవారా బాబాయ్?"

"చెప్పకపోతే నేనెంతో వాడికెలా తెలుస్తుంది?"

"తూచేటప్పుడు ఆయన జేబులో చెయ్యి పెట్టుకునేవాడా?"

బాబాయ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. కుడిచెయ్యి. ఎప్పుడూ కుడిచెయ్యి జేబులోనే ఉండేది. గౌరవంగా నవ్వుతూ, "రాయిలా ఉన్నారు బాబాయ్, అరవై ఎనిమిది!" అనేవాడు.

"జేబులో కాటాను ఆడించే రిమోట్ బటన్ ఉంటుంది. అది నొక్కితే, మీరు ఎక్కినప్పుడు కాటా మీరు చెప్పిన అంకె చూపిస్తుంది. సరుకు ఎక్కితే తగ్గించి చూపిస్తుంది. అలాంటి కాటాలు మేం చూశాం" అంది అమ్మాయి.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉండనే ఉంటాడు. అందరి కాటాలూ పరీక్షించే మనిషిని, ఆ పరీక్షతోనే నాలుగేళ్లు ఆడించాడు వాడు. పోయిన సీసం లెక్క బాబాయ్ గుండెలో భగ్గుమంది. అంతలోనే ఆ అమ్మాయి మాస్కు కిందికి లాగి, ఆయన మొహంలోకి పరిశీలనగా చూసింది.

"బాబాయ్, కడుపులో నొప్పి వస్తుంటుందా మీకు?"

"నా కడుపు సంగతి నీకెవరు చెప్పారు?" అన్నాడు అనుమానంగా.

"ఎవరూ చెప్పలేదు. మూణ్నెల్లకోసారి మాకు రక్తపరీక్ష చేయిస్తారిక్కడ. సీసం పొడి ఒంట్లోకి పోతే ఇలాగే చిక్కిపోతారు. బ్యాటరీలు మీరే పగలగొట్టేవారా?"

ఆయన చెయ్యి బెల్టుకు పొడిచిన కొత్త చిల్లుల మీదికి పోయింది. సరుకు తూచారు. యాసిడ్ కూడా తూకంలోకి వచ్చింది. పగలగొట్టి అమ్మినప్పటి కన్నా ఎక్కువే ముట్టింది. ఇంకో రోజైతే ఆ ఎక్కువ ఎందుకిచ్చారా అని కూడా అనుమానించేవాడు. ఆ రోజు చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా ఇంటికొచ్చి, "ఆసుపత్రికి పోదాం పద" అన్నాడు.

రెండు రోజుల తర్వాత రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది. ఒంట్లో సీసం ఉండకూడనంత ఉందని, మందు మొదలుపెట్టాలని, ఇకమీదట ఆ పొడి దరిదాపులకు పోతే మందులు కూడా కాపాడవని చెప్పింది. బాబాయ్ అంతా విన్నాడు. కాగితం మీద పేరు తనదేనా అని ఒక్కసారి మాత్రం సరిచూసుకున్నాడు, అలవాటు ఎక్కడికి పోతుంది!

"పని బట్టలు ఇంట్లో ఎవరు ఉతుకుతారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేనేనండీ. బాగా దుమ్ము ఉంటుంది కదా, దులిపి నానబెడతాను" అంది భార్య.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. బాబాయ్ అప్పుడు, ఏడాదిలో మొదటిసారి, తన భార్యను నిదానంగా చూశాడు. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"నీకూ కడుపునొప్పి వస్తోందా?"

"మీకన్నా ముందు నుంచే" అంది ఆవిడ.

"మరి నాతో ఒక్కమాట చెప్పలేదేం?"

"చెబితే నమ్మేవారా?"

 ఆయన లేచి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని, రక్తం తీసే గది ముందు లైనులో నిలబడ్డాడు.