బావ నలుపు, బండి చూపు

నలుపు ఎవరు చూసినా నలుపేనని నమ్మిన బుద్ధిమంతుణ్ణి నేను. అదీ ఇంజినీరింగు చివరి ఏడాదిలో.

ఎనభైల్లో, వరంగల్‌లో చదువుకుంటూ ఒక బుల్లి బండి కట్టాను. నేల మీది నల్లగీత వెంట అది తనంతట తాను నడవాలి. బండి పొట్ట కింద, గీతకు అటొకటి ఇటొకటిగా రెండు కళ్లు. ఒక్కో కంట్లో పరారుణ కాంతిని నేలకు కొట్టే చిన్న దీపం, తిరిగొచ్చినదాన్ని పట్టుకునే ట్రాన్సిస్టరు. మనకు కనపడని వెలుగది. తెల్లనేల దాన్ని వెనక్కి కొడుతుంది, నల్లగీత మింగేస్తుంది. ఏ కంటికి వెలుగు తిరిగి రాకపోతే ఆ వైపు చక్రం ఆగి, బండి అటు మళ్లుతుంది.

కాలేజీ ప్రదర్శనకు గీత కావాల్సి వచ్చింది. మా అక్క భర్త జంపఖానాల నూలుకు రంగులద్దేవాడు.

"నా నలుపు ముందల కాకి గూడ తెల్లగనే కొడ్తది బామ్మర్దీ! చావనన్న చస్త గని రంగు దిగనియ్య" అంటూ నల్లపట్టీ ఒకటి నేయించి ఇచ్చాడు. ముందే పరీక్షించి చూశానా? బావ నలుపును పరీక్షించడమా! ఇంట్లో ఇంకేమైనా ఉందా?

ప్రదర్శననాడు తెల్లదుప్పటి మీద పట్టీ పరిచి బండిని వదిలాను. అది పట్టీని పట్టించుకోనే లేదు. దర్జాగా దాటిపోయి, మా ప్రొఫెసరుగారి కుర్చీ కింద దూరింది.

"ఏందిరా, నీ బండికి కండ్లు గిట్ల పోయినయా? జర దవాఖానకు తీస్కపో!" ముందు వరసలోంచి బావ. హాలంతా నవ్వు. ఆ తర్వాత చుట్టాలింట్లో నేనెక్కడ కనిపించినా అదే పలకరింపు: "కండ్లెట్లున్నయి?"

పంతం పట్టి ఇంట్లో ఉన్న నల్లటివన్నీ బండికి చూపించాను. లాంతరు మసితో గీత గీస్తే బుద్ధిగా నడిచింది. అప్పుడు వెలిగింది నాకు. బావ రంగు మన కంటికే నలుపు, పరారుణానికి తెలుపు. మసి మాత్రం ఎవరికైనా నలుపే.

దసరాకు అక్కవాళ్లింటికి పోయాను. కొత్త నల్ల జంపఖానా పరిచి, చుట్టాలందరి నడుమ బావ కూర్చున్నాడు. అంతకుముందే దాని మీద మసితో వంకర గీత ఒకటి గీసి పెట్టాను. నలుపు మీద నలుపు, ఎవరికి కనపడుతుంది? బండిని వదిలాను. వంకలు తిరుగుతూ పోయి బావ బొటనవేలికి కొట్టుకుంది.

"గీతే లేదు గద! ఎట్లొచ్చెరా?" తీగలేమైనా ఉన్నాయేమోనని బావ జంపఖానా అంతా తడిమాడు, పైకెత్తి దులిపాడు. రెండు చేతులూ నల్లబడ్డాయి.

అక్క అందరూ వినేలా అంది: "అయ్యో, రంగు దిగుతాంది!"

నేను బండిని ఎత్తుకుని, దాని కళ్లు తుడుస్తూ కూర్చున్నాను.