సున్నపు అంచు

మా పక్కింటి పెద్దబాపు మొన్న సోమవారం పొద్దున చనిపోయారు. చాయ్ తాగుతూనే గోడకు ఒరిగిపోయారట. నాకు సొంత పెదనాన్న కాదు, గోడ అవతలి మనిషి. అయినా "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా" అని మా అవ్వ, అంటే అమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెకు మళ్లీ రోడ్డు దాటడం నేర్పింది ఆయనే.

కరీంనగర్‌లో మా వాడ పెద్దరోడ్డుకు ఇవతల. అవ్వ బీడీలు అప్పజెప్పే కార్ఖానా, చిన్నమ్మ ఇల్లు అవతల. రోడ్డు వెడల్పు చేశాక బండ్లకు పగ్గాల్లేకుండా పోయాయి. ఒకరోజు బైకు తగిలి అవ్వ కాలు విరిగింది. కాలు అతికింది కానీ ధైర్యం అతకలేదు. ఇవతలి అరుగు మీద అవ్వ, అవతలి అరుగు మీద చిన్నమ్మ చేతులూపుకునేవారు. మధ్యలో లారీ వస్తే ఒకరికొకరు మాయమయ్యేవారు.

పెద్దబాపు బతుకంతా మరమగ్గాల మీద తువ్వాలలు నేసిన మనిషి. "నిలువు పడుగు ఒక్కటే ఉంటె బట్టయితదా? అడ్డం నడిచే పేక ఉండాలె" అని గొణుక్కునేవారు. జీబ్రా గీతలు కావాలని అర్జీలు పెట్టారు. చూస్తామన్నవాళ్లు చూస్తూనే ఉన్నారు. చివరికి ఒక తెల్లవారుజామున, బండ్లు మొదలు కాకముందే, బకెట్లో సున్నం, తుమ్మబంక కలుపుకుని ఆయనే బయల్దేరారు. తిన్నగా రావడానికి నూలు దారం పట్టారు. దాని రెండో కొస నా చేతిలో ఉంది. పొగమంచులో ఆయన కనబడలేదు. దారం కదిలినప్పుడల్లా అవతల ఉన్నారని తెలిసేది. ఇప్పటికీ కలలో ఆ దారం నా వేళ్ల మధ్య కదులుతుంది.

మంచు విడిచాక చూసి నవ్వాపుకోలేకపోయాను. జీబ్రా గీతలు బండ్లు పోయే దిక్కులోనే నిలువుగా ఉండాలి. ఈయన చేతి అలవాటు కొద్దీ రోడ్డుకు అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, సన్నవి రెండు, నడుమ వెడల్పుది ఒకటి గీశారు.

"పెద్దబాపూ, గిది జీబ్రా గాదు, తువ్వాల అంచు!"

"జర ఆగు" అన్నారు.

అంతలో వచ్చిన ఆటో, గీతలను స్పీడ్ బ్రేకర్ అనుకుని నెమ్మదించింది. దాని వెనక బస్సూ నెమ్మదించింది.

"సూసినవా? అంచు కాడికి వస్తె ఎవడన్న నిదానించాలె."

ఆ తర్వాత రోజూ అవ్వను వెంట తీసుకెళ్లేవారు. మొదటి రోజు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేసింది. "బండిని సూడకమ్మా, తోలెటోని మొఖం సూడు. వాడు గూడ ఒక అవ్వకు పుట్టినోడే" అని ఆయన చెయ్యెత్తి నిలబడేవారు. వారం తిరిగేసరికి అవ్వ చిన్నమ్మ అరుగు మీద కూర్చుని చాయ్ తాగింది. ఆ చాయ్‌కి మేము ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాం.

వాన కురిసి గీతలు చెరిగినప్పుడల్లా మళ్లీ గీసేవారు. ఆయన పోయిన మూడో రోజు గట్టి వాన పడింది. మిగిలిన సున్నమంతా కరిగి రోడ్డు వారన మడుగు కట్టింది. అవ్వ మళ్లీ అరుగుకే అతుక్కుపోతుందని భయపడ్డాను.

మర్నాడు పొద్దున ఆమె బీడీల చాటతో రోడ్డు వారన నిలబడింది. నేను వెంట వెళ్లబోతే వద్దంది. రోడ్డు నల్లగా, ఖాళీగా ఉంది. ఒక ఆటో వచ్చింది. లేని అంచు దగ్గర, అలవాటుగా నెమ్మదించింది. వెనక బస్సూ అంతే. అవ్వ డ్రైవరు మొఖంలోకి చూసి, మడుగులోంచే నడిచి దాటింది. నల్లటి రోడ్డు మీద, ఈ కొస నుంచి చిన్నమ్మ అరుగు దాకా, తెల్లటి అడుగులు పడ్డాయి.