చేతిరాతకు ఏసీ బేరం

వస్తువులంటే మోజు లేని మనిషినని ఎవరైనా నన్ను పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది. మోజు ఎందుకు లేదు? నాకు ఏసీ కావాలి. మాది కోట అనే ఊరి దగ్గర రేకుల ఇల్లు. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆ రేకుల కింద కూర్చుంటే, సముద్రం ఇంత దగ్గరుండి ఏం లాభమని దాన్ని కూడా తిట్టాలనిపిస్తుంది.

గోడల మీద అక్షరాలు రాయడం నా పని. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ముందుగది గోడ మీద బైబిలు నుంచి తీసిన ఒక వాగ్దాన వాక్యం ఉంటుంది. కొత్త సంవత్సరం ఆరాధనలో పాస్టరుగారు ఇచ్చిన వాక్యాన్ని, పాతది చెరిపించి, దాని చోట రాయించుకుంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాకు ఊపిరి సలపదు. మిగతా కాలమంతా పడవల మీద పేర్లు, కొట్లకు బోర్డులు, కొత్త ఇళ్ళలో వాక్యాలు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఈ విద్య మా నాన్న నేర్పాడు. ఆడపిల్ల నిచ్చెన ఎక్కడమేమిటని మూతి విరిచినవాళ్ళే తర్వాత పిలిచి రాయించుకున్నారు.

ఫ్లెక్సులు వచ్చి బోర్డుల పని సగం మింగేశాయి. ఇక గోడల వంతు. పోయిన ఎండాకాలం గూడూరులో స్టిక్కర్ల షాపు పెట్టినతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నేను రాసిన వాక్యాలు నాలుగైదు ఇళ్ళలో చూశాడట. అక్షరాలన్నీ గుణింతాలతో, ఒత్తులతో సహా తెల్లకాగితాల మీద రాసిస్తే కంప్యూటర్లో ఎక్కించుకుంటానని, అదే రాతతో వాక్యాల స్టిక్కర్లు చేసి అమ్ముకుంటానని చెప్పాడు. మాట్లాడుతూనే చెమట తుడుచుకుంటూ రేకుల వైపు చూశాడు. డబ్బుగా వద్దులే అక్కా, కొత్త ఏసీ తెచ్చి మీ ఇంట్లో బిగించి పోతానన్నాడు. గట్టివాడు! నా ప్రాణం ఎక్కడుందో చూసి మరీ పట్టుకున్నాడు.

మా అమ్మాయి అప్పుడు నర్సింగు పరీక్షకు చదువుతోంది. ఒళ్ళంతా చెమటకాయలు. పుస్తకం తెరిస్తే చెమట చుక్కలు అక్షరాల మీద పడేవి. ఏసీ అనగానే దాని ముఖం వెలిగిపోయింది. ఆటో నడిపే మా ఆయన నీ ఇష్టం అన్నాడు గానీ, ఆ సాయంత్రమే టేపు తెచ్చి గోడ కొలిచాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మర్నాడే కాగితాలు కొన్నాను.

పది రోజులు రాశాను. అ నుంచి మొదలుపెట్టి ఒక్కో గుణింతం, ఒక్కో ఒత్తు. తలకట్టు కాస్త వంకర పోయినా కాగితం పక్కన పడేసి మళ్ళీ రాశాను. ఇంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు. కట్టగట్టుకుని గూడూరు బస్సెక్కినప్పుడు నాకు కించిత్తు బాధ కూడా లేదు, ఏసీ ఏ గోడకు పెట్టించాలా అన్న ఆలోచన తప్ప.

షాపు చల్లగా ఉంది. అతను కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి మురిసిపోయాడు. తర్వాత సంతకం పెట్టమని ఒక పత్రం ఇచ్చాడు. నేను చదివాను. అతను ఊహించలేదేమో, నేను ప్రతి అక్షరమూ చదివే మనిషిని. ఇకమీదట నేను ఎవరి గోడ మీదా చేత్తో రాయకూడదని ఉంది అందులో. అదేమిటని అడిగితే, అదే రాత రెండు చోట్ల దొరికితే తన స్టిక్కరు ఎవరు కొంటారన్నాడు.

"ఇంకెందుకక్కా నీకు నిచ్చెన్లెక్కే బాధ? ఏసీ వేసుకోని హాయిగా పడుకో."

"పడుకునేదానికా నేను ఇది నేర్చుకునింది?"

అతను నవ్వి, గొంతు తగ్గించి, ఊరికే సంతకం పెట్టమన్నాడు. చాటుగా ఒకటీ అరా రాసుకుంటే ఎవరొచ్చి చూస్తారట. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.  నాకు కోటలో ఒకావిడ గుర్తొచ్చింది. అందరూ ఏటేటా వాక్యం మారుస్తారు, ఆవిడ మార్చదు. భర్త చనిపోయిన ఏడాది రాయించుకున్న వాక్యాన్నే మళ్ళీ దిద్దమంటుంది, చివరి అక్షరం దాకా కింద కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంటుంది. ఆవిడ ఇంటికి నేను దొంగలా వెళ్ళి తలుపులేసుకుని రాయాలా? కాగితాలు లాక్కుని సంచిలో పెట్టుకున్నాను. ఏసీ నీ దగ్గరే ఉంచుకో నాయనా అని చెప్పి బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి ఏసీ రాదన్నాను. అమ్మాయి ఏడ్చింది.

"నీకు నీ రాతే ముఖ్యం. నేనెట్టా చదువుకునేది ఈడ?"

రాత ముఖ్యమేనన్నాను. అబద్ధం చెప్పను.  వాయిదాల్లో కొందామని మా ఆయన అన్నాడు. వాయిదాలు కట్టాలంటే నేను రొయ్యలు ఒలిచే కంపెనీలో చేరాలి. అప్పుడైనా కుంచె మూలపడేదే కదా? వద్దంటే వద్దన్నాను. అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. 

మూడో రోజు ఒక రొయ్యల రైతు కొత్తగా కట్టిన ఇంట్లో వాక్యం రాయడానికి పిలిచారు. ఇంటామెతో మొహమాటం లేకుండా చెప్పాను. ఏసీ ఉన్న గదిలో రాయిస్తున్నారు కదా, నేను రాసినంతసేపూ మా అమ్మాయి ఆ మూల కూర్చుని చదువుకుంటుంది, అట్లయితేనే వస్తానని. ఆమె నన్ను ఎగాదిగా చూసి సరేనంది. అడగడానికి నాకేం నామోషీ? నేను ముష్టికి పోలేదు, పనికి పోయాను.

అమ్మాయి ముఖం ముడుచుకునే వచ్చింది. మూల కూర్చుని పుస్తకం తెరిచింది. పదకొండు గంటలకు నేను నిచ్చెనెక్కి సుద్దముక్కతో గీతలు కొట్టుకుని, మొదటి అక్షరం మొదలుపెట్టాను. గంట గడిచింది. పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మొదటి వరుస పూర్తి చేసి రెండో వరుసకు కుంచె ముంచాను. వెనక నుంచి, రెండు రోజుల తర్వాత, దాని గొంతు వినిపించింది.

"అమ్మా, నిదానంగా రాయి. తొందరేం లేదు."

రెండు గంటల పని అది. నేను దిగేసరికి సాయంత్రం అయిదయింది.