నింపుడు పని

పటమటలో ఏసుపాదం రాయని గోడ లేదని చెప్పుకునేవాళ్లు. అలా చెప్పుకున్నవాళ్లలో మొదటివాడు ఏసుపాదమే. చల్లపల్లి దగ్గర పల్లెలో నాలుగో తరగతి తప్పి, పదహారో ఏట బెజవాడ బస్సెక్కాడు. ఆటోనగర్‌లో లారీలకు రంగులేసే చోట డబ్బాలు కడుగుతూ, మేస్త్రీ కళ్లుగప్పి కుంచె తిప్పటం నేర్చుకున్నాడు. గురువు లేడు, బడి లేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు. "చెయ్యి దేవుడిచ్చాడండి," అనేవాడు పైకి చూపించి. ఆ దేవుడిచ్చిన చేత్తో ఇంట్లో ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. ఊరి గోడలన్నీ మెరిపించిన మహానుభావుడి సొంత గోడకు పాతికేళ్లు సున్నం పడలేదు.

ఆయన్ని చేసుకుని వచ్చిన మూడో రోజే మాణిక్యమ్మకు ఉద్యోగం దొరికింది. వాకిట్లో ఏదో కిళ్లీకొట్టు తాలూకు రేకు బోర్డు పరిచి ఉంది. ఆయన సుద్దముక్కతో అడ్డగీతలు కొట్టి, సన్న కుంచెతో అక్షరాల అంచులు గీసి, లేచి నడుం విరుచుకుని "నింపు" అన్నాడు. అని టీ కొట్టుకి వెళ్లిపోయాడు. ఆమె చదువు రెండో తరగతి. మిగతా అక్షరాలన్నీ ఆయన అంచుల మధ్య రంగు నింపుతూ లోపలి నుంచి నేర్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్లు అదే వరస. గీత ఆయనది, టీ ఆయనది, పేరు ఆయనది. నడుంనొప్పి ఒక్కటే ఆమెది. సొమ్మొకడిది సోకొకడిదని పెద్దవాళ్లు ఊరికే అన్నారా?

కుటుంబమంటే మాత్రం ప్రాణం పెట్టేవాడు, ఆ మాట దాచకూడదు. ఒకసారి ఆరోగ్యకేంద్రం గోడ మీద 'ఒక్కరు లేక ఇద్దరు చాలు' అని రాస్తుండగా, నాలుగో బిడ్డ పుట్టిందని కబురొచ్చింది. అప్పటికి 'ఇద్దరు' దాకా అయింది. నిచ్చెన దిగి ఆసుపత్రికి పరుగెత్తి, పిల్లను ఎత్తుకుని వలవలా ఏడ్చి, మళ్లీ వచ్చి 'చాలు' రాశాడు. రాశాడంటే అంచులు గీశాడు. మాణిక్యమ్మ బాలింతతనం తీరి లేచేదాకా ఆ అక్షరాలు లోపల బోలుగానే ఉండిపోయాయి. డాక్టరమ్మ గొడవపెట్టినా ఆయన కుంచె ముట్టలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, బట్టల కొట్టు బసవపున్నయ్యగారు తన కొత్త బోర్డు ముందు నిలబడి, "రాత సంగతి అట్టా ఉంచు ఏసుపాదం, ఆ నింపుడు చూడవయ్యా, ఎక్కడన్నా మరక ఉందేమో," అన్నారు. మాణిక్యమ్మ పక్కనే డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఏసుపాదం ఒక్క క్షణం ఆలోచించాడు. "కుంచె మంచిదండి," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె నిలదీసింది. "నింపేదేముందే, ఎవరైనా నింపుతారు. అంతా గియ్యటంలో ఉంది," అన్నాడు. అప్పుడు ఆరోగ్యకేంద్రం గోడకి ఆ ఎవరో ఒకరు ఎందుకు దొరకలేదో అడగాలని ఆమెకు తోచింది. తోచేసరికి ఆయన టీకి వెళ్లిపోయాడు. ఆ మాట ఇరవై రెండేళ్లు కొంగున ముడేసుకుని తిరిగింది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. "నాలుగు ఎండలకి వెలిసిపోతయ్యి, చూస్తా ఉండండి," అన్నాడు ఏసుపాదం. అన్నట్టే వెలిసిపోయాయి. వెలిసినచోట మర్నాడే కొత్తవి కట్టారు. పెద్దకొడుకు బెన్నీ తనే ఒక ఫ్లెక్సీ షాపు తెరిచి 'ఏసు డిజిటల్స్' అని పేరు పెట్టాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవటమంటే ఇదే. తండ్రి ఆరు నెలలు కొడుకుతో మాట్లాడలేదు. కొడుకు తెచ్చిన బిర్యానీ మాత్రం ఏనాడూ మిగల్చలేదు.

చివరికి ఆయనకు మిగిలింది సమాధుల తోట. నవంబరు రెండున సమాధుల పండుగ. ముందురోజే ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేయించి, పేర్ల మీద మళ్లీ నల్లరంగు దిద్దించుకుంటారు. పండుగనాడు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడికింకా ఫ్లెక్సీ రాలేదు. ఏసుపాదం తెల్లచొక్కా వేసుకుని సమాధుల మధ్య జమీందారులా తిరుగుతూ గీసేవాడు. వెనకాల మాణిక్యమ్మ మోకాళ్ల మీద పాకుతూ నింపేది.

ఈ ఆగస్టులో టీ గ్లాసు చేతిలో ఉండగానే పోయాడు. ఎక్కడ పోవాలో అక్కడే పోయాడని సందులో వాళ్లు అనుకున్నారు. గంట తిరక్కుండా సందు మొగలో ఫ్లెక్సీ లేచింది. నడిమధ్యన వార్డు నాయకుడు దండం పెడుతున్నాడు. చుట్టూ ఆయన తమ్ముళ్లు, అనుచరులు, నల్లకళ్లద్దాల బావమరిది. కింద మూలన, ఎవరిదో పెళ్లి ఫొటోలోంచి కత్తిరించిన ఏసుపాదం, భుజమ్మీద ఎవరిదో చెయ్యి. మాణిక్యమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఒరే బెన్నీ," అంది, "ఇందులో పోయింది ఎవర్రా?"

అక్టోబరు వచ్చేసరికి ఆమెకు అన్నం సహించకుండా పోయింది. ఊరందరి పేర్లూ రాసిన మనిషి, పేరు లేకుండా పండుగ చేసుకోవాలా? ఆయన పేరు చేత్తో రాయించాలి, అంతే. ఆటోనగర్‌లో ఆయన పాత జోడీ ఇమామ్‌ దగ్గరికి వెళ్లింది. బండ్ల నంబరు ప్లేట్లకు స్టిక్కర్లు అంటిస్తున్నాడు. విషయం విని కుడిచెయ్యి ముందుకు చాపాడు. అది గడగడా వణుకుతోంది. "నాలుగేళ్లయింది వదినా, కుంచె పట్టుకుని. ఆయనకి నేను వంకరగా రాస్తే లేచొచ్చి తిడతాడు," అన్నాడు. ఇద్దరూ కాసేపు నవ్వారు, తర్వాత నవ్వలేకపోయారు.

బెన్నీ మాత్రం ఆరడుగుల ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు. "శిలువకి కట్టేద్దామమ్మా. ఈసారి నాన్న ఫొటోనే పెద్దది పెట్టా."

"బతికున్నన్నాళ్లూ దాంతోనే పోట్లాడాడు. చచ్చినాక దాని కింద పడుకోబెడతావా?" అందామె. వాడు ఫ్లెక్సీ చుట్ట చుట్టి తీసుకుపోయాడు.

ఒకటో తారీకు పొద్దున ఆమె ఒక్కతే డబ్బా, కుంచె పట్టుకుని తోటకు వెళ్లింది. పాత సమాధుల మీద నిరుటి అక్షరాలు పల్చటి సున్నం కింద నుంచి మసకగా కనబడుతున్నాయి. "అక్కా, మా అమ్మది కాస్త దిద్దిపెట్టవా," అంది ఒకామె. "మా మామయ్యది కూడా," అన్నాడు ఇంకొకాయన. అన్నీ ఆయన గీతలే. మధ్యాహ్నానికి పదకొండు సమాధులు నింపింది. చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు.

ఆయన సమాధి మాత్రం కొత్త సిమెంటు. సున్నం తెల్లగా, నున్నగా, ఖాళీగా ఉంది. మాణిక్యమ్మ దాని ముందు చతికిలబడింది. కుంచె ముంచింది, తీసింది, మళ్లీ ముంచింది. అక్షరం లోపల ఏముంటుందో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అంచు ఎక్కడ మొదలవుతుందో మాత్రం తెలియలేదు.

"గీత గీసి టీకి పోయేవాడివి," అంది సమాధితో. "ఈసారి గీత కూడా గియ్యకుండానే పోయావు."

అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆగస్టులో కూడా అంత ఏడవలేదు.

ఏడుపు తీరాక రాసింది. మొదటి అక్షరం గుమ్మడికాయంత అయింది. రెండోది దాని మీదకు ఒరిగింది. చివరికొచ్చేసరికి చోటు చాలక, ఆఖరి అక్షరం కుంచించుకుపోయి సమాధి పక్కవైపుకు తిరిగింది. రంగు మాత్రం ఒక్క చుక్క కూడా కారలేదు.

కొవ్వొత్తుల సంచితో వచ్చిన బెన్నీ చూసి నిలబడిపోయాడు. "ఏందమ్మా ఇది? నాన్న పేరు ఇట్టానా? చూసినోళ్లు నవ్వుతారు. సున్నం కొట్టించి మళ్లీ రాయిద్దాం."

"చెరపమాక," అంది మాణిక్యమ్మ, కుంచెను గుడ్డకు తుడుస్తూ. "ఆయన లేకపోతే ఎట్టుంటదో అట్టానే ఉంది. చూడనియ్."