గెన్‌బావ్ కూర్చోలేని పడవ

చైనాలోని సూజౌ ఊరి కాలువల్లో ముప్పై ఏళ్ళకు పైగా పడవ నడిపిన గెన్‌బావ్ కిందటేడు పని మానేశాడు. అన్నేళ్ళూ సాయంత్రమైతే చాలు, ఊరూరి వాళ్ళ పెళ్ళాలకు సూర్యాస్తమయం చూపించాడు. సొంత పెళ్ళాం లాన్‌జెన్‌కు మాత్రం ఒక్కనాడూ చూపించిన పాపాన పోలేదు. "పని మానేశాక ఇద్దరం పక్కపక్కన కూర్చుని వెళ్దాంలే" అన్న మాట పట్టుకుని ఆవిడ ఓపిక పట్టింది.

తీరా మానేశాక, ఈ మహానుభావుడికి ఒక్క పడవా నచ్చదే! రోజూ రేవుకు రావడం, వంకలు పెట్టడం, చీకటి పడ్డాక కొంపకు పోవడం.

"ఆ మోటారు పడవ ఎక్కుదామయ్యా," అంది లాన్‌జెన్ ఆ సాయంత్రం.

"అది పడవా? పిండిమర!"

"పోనీ, ఆ లాంతర్ల పడవ?"

"అందులో మోగే పాట రికార్డుది. నోరు తెరిచి పాడలేనివాడికి తెడ్డెందుకు?"

"మరి నీ శిష్యురాలు చ్యావ్‌మే పడవో? అది పాడుతుందిగా."

"దానికి మలుపు తిప్పడం ఎక్కడొచ్చు! నేర్పింది నేనేగా, నాకు తెలీదూ?"

లాన్‌జెన్‌కు ఒళ్ళు మండిపోయింది. "నువ్విక్కడే వంకలు ఏరుకుంటూ ఉండు, నేను పోతున్నా" అని గబగబా మెట్లు దిగి చ్యావ్‌మే పడవ ఎక్కేసింది. గెన్‌బావ్ గొణుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. అమ్మయ్య! ఆవిడ పొద్దుతిరుగుడు గింజల పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టింది.

ఆయన కుదురుగా ఉంటేగా! "ఎడమకు తొయ్యి... అబ్బబ్బ, గోడకు రాసుకుంటుందే!" మొదటి వంతెన దాటగానే లేచి వెనక్కి వెళ్ళి, "ఇటివ్వు" అని తెడ్డు లాక్కున్నాడు.

నేర్పినవాడితో వాదించలేక చ్యావ్‌మే వచ్చి ఆ ఖాళీ చోట కూర్చుంది. ఎదురుగా నీళ్ళన్నీ ఎర్రబడుతున్నాయి.

"ఇక్కడ కూర్చుంటే ఇంత బాగుంటుందా అక్కా! వెనక నించుంటే నాకెప్పుడూ జనం తలకాయలే కనబడేవి" అంటూ గింజలు కొరికింది.

లాన్‌జెన్‌కు ఏడుపొచ్చింది. చ్యావ్‌మే మంచిదే. కానీ ఆ చోటు ఇన్నేళ్ళూ అట్టిపెట్టింది ఆమె కోసం కాదు.

వెనక నుంచి గెన్‌బావ్ గొంతు హుషారుగా మోగింది. "వంతెన వస్తోందమ్మా! తలలు దించుకోండి!"

"నేను నీ పెళ్ళాన్నయ్యా! ప్యాసింజర్ని కాను!" అని అరిచింది లాన్‌జెన్.

తెడ్డు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. వంతెన నెత్తి మీదికి వచ్చేసింది. చేసేదేముంది, ఆవిడ తల దించుకుంది. అవతల మళ్ళీ ఎత్తేసరికి సూర్యుడు లేడు.